కాపురం ఆమ్‌స్టెల్‌వేన్‌లో, బేస్ డబ్లిన్‌లో: రాకపోకలు సాగుతాయా?

ప్రశ్న: మాది గుంటూరు. చదువుకునే రోజుల నుంచి డబ్లిన్‌లోనే ఉండి ఐరిష్ పాస్‌పోర్టు తీసుకున్నాను. పెళ్లయ్యాక మావారి ఉద్యోగం కోసం ఆమ్‌స్టర్‌డామ్ పక్కన ఆమ్‌స్టెల్‌వేన్‌లో కాపురం పెట్టాం. బాబుకు మూడేళ్లు. ఈమధ్యే ఒక యూరోపియన్ ఎయిర్‌లైన్‌లో ఏ320 విమానాలకు ఫస్ట్ ఆఫీసర్‌గా (కో-పైలట్) తీసుకున్నారు. ఆ రకం విమానం నడపడానికి కావాల్సిన టైప్ రేటింగ్ పూర్తయింది, మూడు వారాల్లో లైన్ ట్రైనింగ్ (ప్రయాణికుల విమానాల్లో శిక్షణ) మొదలు. బేస్, అంటే డ్యూటీ మొదలై ముగిసే చోటు, డబ్లిన్. ట్రైనింగ్ అయ్యాక ఐదు రోజులు పని, నాలుగు రోజులు సెలవు. ఒక విడత ఎర్లీలు (తెల్లవారుజాము డ్యూటీలు), మరో విడత లేట్లు (మధ్యాహ్నం మొదలై రాత్రి ముగిసేవి). గంటన్నర విమానమే కదా, ఇంటి నుంచే వెళ్లి రావచ్చనుకుంటున్నాను. స్టాఫ్ టికెట్లూ ఇస్తారట. డబ్లిన్‌లో గది తీసుకోక తప్పదా? లేట్ డ్యూటీ రోజు పొద్దున్నే ఇక్కణ్నుంచి బయలుదేరితే చాలదా? పన్ను, ఆరోగ్య బీమా ఏ దేశంలో?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు మీ ఉద్యోగానికి అభినందనలు. రాకపోకలు సాగుతాయి, కానీ లైన్ ట్రైనింగ్ చివర జరిగే పరీక్ష, లైన్ చెక్ పూర్తయ్యేవరకు మొదలుపెట్టకండి. ఆ మూడు నాలుగు నెలలు డబ్లిన్‌లోనే ఉండండి. ఆ తర్వాత కూడా గది తప్పదు. మూడేళ్ల బాబును వదిలి ఉండమనడం ఎంత కష్టమైన మాటో తెలిసే చెబుతున్నాం.

మీరన్న గంటన్నర విమానం గాల్లో ఉండే సమయం మాత్రమే. ఇంటి నుంచి ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయం స్కిపోల్ చేరడానికి అరగంట. ఐర్లండ్ షెంగెన్‌లో లేదు కాబట్టి పాస్‌పోర్టు తనిఖీ ఉంటుంది. సెక్యూరిటీ వరుసతో కలిపి గంటన్నర ముందే ఉండాలి. గంటా ముప్పై అయిదు నిమిషాల ప్రయాణం. డబ్లిన్‌లో దిగి, మళ్లీ పాస్‌పోర్టు చూపించి, గదికో క్రూ రూముకో చేరేసరికి ఇంకో గంట. ఏ ఆటంకమూ లేని రోజున అయిదు గంటలకు కాస్త అటూ ఇటూ. యూరప్ విమాన భద్రతా సంస్థ ఈయాసా మార్గదర్శకంలో ఒక మాట ఉంది: ఇంటి నుంచి బేస్‌కు మామూలుగా 90 నిమిషాలు దాటుతుంటే బేస్ దగ్గర తాత్కాలిక వసతి చూసుకునే విషయం ఆలోచించమని. మీ ప్రయాణం దానికి మూడింతలు. గది సంగతి అక్కడే తేలిపోయింది.

ఇక లేట్ డ్యూటీ రోజు పొద్దున్నే బయలుదేరే ఆలోచన. ఒక రోజును గంటల్లో చూద్దాం. రిపోర్టింగ్ డబ్లిన్‌లో మధ్యాహ్నం 1 గంటకు. ఒక విమానం తప్పినా ఇంకొకటి ఉండాలని ఏడు గంటల ప్రాంతంలో బయలుదేరే మొదటి విమానం పట్టుకుంటారు. అంటే లేచేది డచ్ టైము 4:30కు, ఐరిష్ టైము 3:30కు. నాలుగు సెక్టార్ల రోజు, అంటే నాలుగుసార్లు ఎగిరి దిగాలి. మధ్యాహ్నం 1:29 లోపు రిపోర్టు చేసినవాళ్లకు నాలుగు సెక్టార్లకు ఎఫ్‌డీపీ (రిపోర్టు చేసినప్పటి నుంచి చివరిసారి ఇంజన్లు ఆపేదాకా పట్టే సమయం) హద్దు 12 గంటలు. బయలుదేరడానికి కేటాయించే స్లాట్లు దొరక్క ఆలస్యమై ఆ హద్దు దాకా వెళ్లారనుకోండి, చివరి ల్యాండింగ్ చేసి ఇంజన్లు ఆపేసరికి రాత్రి 1 గంట. అప్పటికి మీరు నిద్ర లేచి ఇరవై ఒకటిన్నర గంటలు. రోస్టర్ (డ్యూటీ పట్టిక) కాగితం మీద మాత్రం ఆ రోజు పూర్తిగా చట్టబద్ధం, ఎందుకంటే ఇంటి నుంచి బేస్‌కు మీరు చేసే ప్రయాణం డ్యూటీ కింద లెక్కకు రాదు. కంపెనీ పంపితేనే అది పొజిషనింగ్ అవుతుంది. స్టాండ్‌బై (పిలిస్తే వెళ్లడానికి సిద్ధంగా ఉండే సమయం), ఆ తర్వాతి డ్యూటీ రెండూ కలిసి మనిషిని 18 గంటలకు మించి మెలకువగా ఉంచేలా ఉండకూడదని అవే నిబంధనలు కంపెనీలకు చెబుతాయి. మీ సొంత ప్రయాణానికి అలాంటి కాపలా లేదు. ఆ కాపలా మీరే.

చట్టం ఈ బాధ్యతను మీ మీద స్పష్టంగానే పెట్టింది. విశ్రాంతి వేళల్ని సరిగా వాడుకోవడం సిబ్బంది బాధ్యత. అలసట ఉందని తెలిసినా, కనీసం అనుమానం వచ్చినా డ్యూటీ చేయకూడదు. 2009 ఫిబ్రవరి 12 రాత్రి అమెరికాలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 విమానం కూలి 50 మంది చనిపోయారు. ఆ విమానం ఫస్ట్ ఆఫీసర్ ముందు రాత్రి సియాటిల్ నుంచి మెంఫిస్ మీదుగా సరుకు విమానాల్లో నెవార్క్ బేస్‌కు చేరింది. కెప్టెన్ కూడా దూరం నుంచి వచ్చి క్రూ రూములో పడుకున్నవాడే. స్టాల్ (రెక్కలు విమానాన్ని మోసే బలం కోల్పోవడం) హెచ్చరికకు కెప్టెన్ తప్పుగా స్పందించడమే ప్రధాన కారణమని దర్యాప్తు సంస్థ తేల్చింది. అలసట ఇద్దరి పనితీరునూ దెబ్బతీసి ఉండవచ్చని, ఎంత మేరకో కచ్చితంగా చెప్పలేమని కూడా రాసింది. తర్వాత 2010లో వచ్చిన చట్టంలో అమెరికా కాంగ్రెస్ పైలట్ల రాకపోకల మీద ప్రత్యేకంగా అధ్యయనం చేయించింది. మిమ్మల్ని భయపెట్టాలని కాదు. అలాంటి రోజున కాక్‌పిట్‌లో కూర్చున్నవాళ్లకు తాము అలసిపోయామని అంత తేలిగ్గా తెలియదు, అందుకే నిర్ణయం ముందు రోజే జరగాలి.

కాబట్టి లేట్లకైనా ఎర్లీలకైనా ముందు రోజే డబ్లిన్ చేరండి. ఏ విమానంలో అన్నదానికి కొలత ఇది: మీరు ఎక్కే విమానం రద్దయినా, దాని తర్వాతది కూడా రద్దయినా, మూడోది మిమ్మల్ని నిద్ర వేళకు డబ్లిన్ చేర్చాలి. విమానానికి ఇంధనం లెక్క వేసేటప్పుడు గమ్యం చేరడానికి సరిపోయే ట్రిప్ ఫ్యూయల్‌తో సరిపెట్టరు కదా. ఆల్టర్నేట్‌కు (అక్కడ దిగలేకపోతే వెళ్లే మరో విమానాశ్రయానికి), ఆపైన 30 నిమిషాలు ఎగరగలిగే ఫైనల్ రిజర్వ్‌కు కలుపుతారు. రాత్రి చివరి విమానంలో బయలుదేరడమంటే ఆల్టర్నేట్ లేకుండా వెళ్లడమే. పైగా ఆ చివరి విమానం పొద్దుటి నుంచి నాలుగైదు సెక్టార్లు తిరిగి, దారి పొడుగునా ఆలస్యాలు పోగేసుకుని వస్తుంది. ఆలస్యం ఎక్కువయ్యేదీ, రద్దయితే రాత్రంతా ఇరుక్కుపోయేదీ అక్కడే.

ఎర్లీకి ముందు రోజు మీకు ఇంకా తక్కువ సమయం ఉంటుంది. 5:50కి రిపోర్టింగ్ అంటే 4:15కు లేవాలి. ఎనిమిది గంటల నిద్ర కావాలంటే ఐరిష్ టైము రాత్రి 8:15కు పడుకోవాలి. అలాంటి రోజు స్కిపోల్‌లో మధ్యాహ్నం రెండు గంటల లోపు విమానం ఎక్కండి. ఇక్కడ గంట తేడా మీకు కలిసొస్తుంది: డబ్లిన్‌లో 4:15 అంటే మీ ఒంటికి 5:15. అందుకని ఎర్లీల విడతలో ఒంటిని డచ్ టైము మీదే ఉంచండి. భోజనం, నిద్ర ఆ గడియారం ప్రకారమే. లేట్లలో ఇదే తేడా ఎదురుతిరుగుతుంది: రాత్రి 11:45కు పని ముగిస్తే ఒంటికి 12:45.

ఇప్పుడు అసలు లెక్క, ఇంట్లో ఎన్ని రాత్రులు? ఎర్లీలు అయిదో రోజు మధ్యాహ్నం ముగుస్తాయి. సాయంత్రం విమానం పట్టుకుంటే ఆ రాత్రికే ఇంటికి చేరతారు. నాలుగు సెలవుల్లో చివరి రోజు మళ్లీ బయలుదేరాలి. అంటే నాలుగు రాత్రులు. లేట్లు అయిదో రోజు అర్ధరాత్రికి ముగుస్తాయి, ఆ వేళ విమానాలు ఉండవు. మర్నాడు పొద్దున వెళ్లి, చివరి సెలవు రోజు మధ్యాహ్నానికి మళ్లీ బయలుదేరాలి, ఎందుకంటే ముందున్నవి ఎర్లీలు. మూడు రాత్రులు. పద్దెనిమిది రోజుల చక్రంలో ఏడు రాత్రులు ఇంట్లో, పదకొండు డబ్లిన్‌లో. ఈ సంఖ్య మీవారితో కూర్చుని మాట్లాడండి. ‘వారంలో సగం ఇంట్లోనే ఉంటాను’ అని మొదలుపెట్టిన కాపురాల్లో మూడో నెలకు వచ్చే గొడవ ఈ లెక్క ముందే చెప్పుకోకపోవడం వల్లే వస్తుంది.

లైన్ ట్రైనింగ్‌లో ఈ లెక్క కూడా నిలవదు. ఐదు–నాలుగు వరస లైన్ మీదికి వచ్చాకే. ట్రైనింగ్‌లో మీ రోస్టర్ ట్రైనింగ్ కెప్టెన్ల రోస్టర్ వెంట నడుస్తుంది. ఒకరు సెలవు పెడితే మీ వారం మొత్తం మారిపోతుంది. కొన్ని రోజులు వేరే బేస్‌లో ఎగరమంటారు. సెలవులు విడివిడిగా, ఒకటి రెండు రోజులుగా పడతాయి. 168 గంటలకు ఒకసారి కనీసం 36 గంటలు, అందులో రెండు స్థానిక రాత్రులు ఉండే విశ్రాంతి ఇవ్వాలన్నది నిబంధన. ఆ 36 గంటల్లో పది గంటలు ప్రయాణానికే పోతే మిగిలింది విశ్రాంతి కాదు. అంతకంటే పెద్ద సంగతి, మొదటి నలభై యాభై సెక్టార్లలో మీ బుర్రకు ఖాళీ ఉండదు. ప్రతి ల్యాండింగ్ తర్వాత ఫ్లేర్ (నేల తాకే ముందు ముక్కు ఎత్తడం) ఎందుకు ఆలస్యమైందో, డిసెంట్ (కిందికి దిగే లెక్క) ఎక్కడ తప్పిందో ఆ రాత్రే రాసుకోవాలి, మర్నాటి విమానాశ్రయం చార్టులు చదవాలి. ఆ గంటలు స్కిపోల్ గేటు దగ్గర నిలబడి దొరకవు. ట్రైనింగ్ సెక్టార్లు పెరిగితే ఆ రికార్డు ప్రొబేషన్ ఫైల్లోకి వెళుతుంది. రెండు మూడు రోజులు కలిసొచ్చిన సెలవు దొరికితే మీవారినే బాబుతో డబ్లిన్ రమ్మనండి. ఆయనది భారత పాస్‌పోర్టు, మామూలు ఉద్యోగ రకం డచ్ నివాస కార్డు అయితే ఐర్లండ్‌కు విడిగా వీసా కావాలి. ఇప్పుడే అప్లై చేసి ఉంచుకోండి.

స్టాఫ్ టికెట్ల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. చాలా కంపెనీల్లో అవి ప్రొబేషన్ తర్వాతే. వచ్చినా అవి సీటు మిగిలితేనే ఎక్కించే టికెట్లు; మిగిలిందో లేదో తేలేది గేటు మూసే ముందు. శుక్రవారం సాయంత్రం డబ్లిన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు, ఆదివారం సాయంత్రం అటూ ఇటూ కూడా వారాంతపు జనంతో నిండిపోతాయి. మార్చి 17 సెయింట్ పాట్రిక్ రోజు, ఏప్రిల్ 27 డచ్ రాజు రోజు, డబ్లిన్‌లో పెద్ద రగ్బీ మ్యాచ్ ఉన్న శనివారం, ఇవన్నీ మీ క్యాలెండర్‌లో ఎర్ర గుర్తుతో ఉండాలి. కాక్‌పిట్‌లోని అదనపు సీటు, జంప్‌సీటు, కెప్టెన్ ఇష్టం, కంపెనీ నియమం. దాన్ని లెక్కలోకే తీసుకోకండి. ఇంకో సంగతి చాలామందికి ఇరుక్కున్నాకే తెలుస్తుంది: విమానం ఆలస్యమైనా రద్దయినా ప్రయాణికుడికి హక్కులిచ్చే యూరప్ 261/2004 చట్టం, జనానికి దొరకని తగ్గింపు ధర టికెట్లకు వర్తించదు. డబ్బు పెట్టి కొన్న మామూలు టికెట్‌కైతే రద్దయినప్పుడు వేరే విమానంలో పంపే బాధ్యత వాళ్లది. మీ దూరం 1500 కిలోమీటర్ల లోపు కాబట్టి, అసాధారణ కారణం లేకుండా మూడు గంటలు దాటి చేరిస్తే 250 యూరోల పరిహారం కూడా.

అందుకని డ్యూటీకి వెళ్లేటప్పుడు ఎప్పుడూ కొన్న టికెట్. ఇంటికి వచ్చేటప్పుడు స్టాఫ్ టికెట్. ఆ రాత్రికి సీటు దొరక్కపోతే పోయేది మీ సెలవులో సగం రోజు, ఉద్యోగం కాదు. రోస్టర్ కనీసం 14 రోజుల ముందు ప్రచురించాలని ఈయాసా చెబుతుంది. అది వచ్చిన సాయంత్రమే టికెట్లు కొనేయండి. నెలకు మూడు నాలుగు సార్లు అటూ ఇటూ, అంటే స్టాఫ్ టికెట్లతో కలిపి సుమారు ఏడు టికెట్లు. డ్యూటీ మారి కొన్నవాటిలో ఒకటి వృథా పోతుందనే బడ్జెట్ వేయండి. నెదర్లాండ్స్ నుంచి బయలుదేరే ప్రతి టికెట్‌లో 30 యూరోలకు దగ్గరగా విమాన పన్నే ఉంటుంది కాబట్టి, ఆ వైపు టికెట్ ఎప్పుడూ మరీ చవగ్గా దొరకదు. స్కిపోల్‌కు ఈదురుగాలులూ పొగమంచూ పాత శత్రువులు. ఆ రోజుల్లో రన్‌వేలు తగ్గిపోయి ముందు రద్దయ్యేవి ఇలాంటి చిన్న దూరాల విమానాలే. అందుకే ఐన్‌ధోవన్ నుంచి డబ్లిన్ విమానాల వేళలు ఫోన్‌లో ఉంచుకోండి, బ్రసెల్స్‌వి కూడా. శీతకాలపు తుఫానులు రెండు రోజుల ముందే పేరుతో సహా తెలుస్తాయి. 2025 జనవరి 24న ఎయోవిన్ తుఫానుకు ఐర్లండ్ అంతటా రెడ్ వార్నింగ్ ఇచ్చారు. అలాంటిది వస్తోందంటే ఒక రోజు సెలవు వదులుకుని ముందే వెళ్లిపోవడం తప్ప మార్గం లేదు.

గది విషయానికి వద్దాం. డబ్లిన్ విమానాశ్రయానికి రైలు లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు ఏది నడుస్తుందో దాన్ని బట్టే ప్రాంతం ఎంచుకోవాలి. 41 నంబరు బస్సు స్వోర్డ్స్ నుంచి ఎయిర్‌పోర్టు, సాంట్రీ, డ్రమ్‌కోండ్రా మీదుగా సిటీకి వెళుతుంది, రాత్రంతా ఉంటుంది. ఆ దారి మీద, స్టాపుకు పది నిమిషాల నడకలో గది చూడండి. ఇంటి యజమాని తన ఇంట్లో గది అద్దెకిస్తే ఏడాదికి 14,000 యూరోల వరకు పన్ను లేకపోవడం వల్ల అలాంటి గదులు దొరుకుతాయి. అక్కడివాళ్లు ‘డిగ్స్’ అంటారు. వాటిలో చాలావరకు సోమవారం నుంచి శుక్రవారం దాకానే. శని ఆదివారాలు ఖాళీ చేయాలి. మీ ఐదు–నాలుగు వరస ప్రతి చక్రానికీ వారంలో జరుగుతూ పోతుంది కాబట్టి అవి మీకు పనికిరావు. ఏడు రోజులూ వాడుకుంటానని ముందే చెప్పి, కాగితం మీద రాయించుకోండి. యజమానితో పాటు ఒకే ఇంట్లో ఉండేవారికి మామూలు అద్దెదారు రక్షణలు వర్తించవని కూడా గుర్తుంచుకోండి. ఎన్ని రోజుల ముందు చెప్పి ఖాళీ చేయించవచ్చో అందులోనే ఉండాలి.

సిబ్బంది కలిసి తీసుకునే క్రాష్‌ప్యాడ్ చవక. ఇల్లు పంచుకోండి, గది మాత్రం పంచుకోవద్దు. ఒకరు నాలుగింటికి లేచి జుట్టు ఆరబెట్టుకుంటుంటే, రాత్రి ఒంటిగంటకు వచ్చి పడుకున్నవాళ్ల నిద్ర అంతటితో సరి. గది చూడటానికి వెళ్లినప్పుడు ముందు కిటికీ చూడండి. జూన్‌లో డబ్లిన్‌లో పొద్దు రాత్రి పదింటి దాకా గుంకదు, తెల్లవారు అయిదుకే వెలుతురు. మీరు 8:15కు పడుకోవాల్సిన మనిషి. మందపాటి నల్ల తెరకు మీరే ఖర్చు పెట్టండి, అంచుల్లో వెలుగు దూరకుండా గోడకు వెల్క్రో పట్టీ వేయించండి.

ఆ గదిలో రెండో సంసారం సామాను పూర్తిగా ఉండాలి: యూనిఫాం మొత్తం, బూట్లు, చార్జర్లు, రైస్ కుక్కర్, పొడులు. ఆవకాయ సీసా చేతి సంచిలో పెట్టుకుని సెక్యూరిటీకి వెళ్లకండి. 100 మిల్లీలీటర్ల నియమం ఉన్న చోట దాన్నీ ద్రవం కిందే చూస్తారు. ప్రతిసారీ మీతో తిరగాల్సినవి అయిదే: పాస్‌పోర్టు, లైసెన్సు, మెడికల్ సర్టిఫికెట్, ఎయిర్‌పోర్టు ఐడీ, మీ మెడికల్‌లో అద్దాల షరతు ఉంటే రెండో జత కళ్లద్దాలు. లైసెన్సు, మెడికల్ దగ్గర లేకుండా డ్యూటీ చేయకూడదు. బేస్ దగ్గర ఉన్నవాళ్లు మరిచిపోతే అరగంటలో ఎవరో తెచ్చిస్తారు. మీరు మరిచిపోతే ఆ అయిదు రోజుల మొదటి రోజు పోయినట్టే. ఐదూ ఒకే చిన్న సంచిలో, ఆ సంచి ఎప్పుడూ ఒకే చోట.

హోమ్ స్టాండ్‌బై అంటే ఆమ్‌స్టెల్‌వేన్ హోమ్ కాదు. పిలిచాక ఎన్ని నిమిషాల్లో రిపోర్టు చేయాలో కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది. సాధారణంగా గంట, గంటన్నర. స్టాండ్‌బై రోజంతా డబ్లిన్ గదిలోనే ఉండాలి. ‘ఎలాగూ పిలవరు’ అని ఇంట్లో ఉండిపోయి, పిలిచాక చేరలేకపోవడం ప్రొబేషన్‌లో ఉన్న మనిషికి అన్నిటికంటే ఖరీదైన తప్పు. కాంట్రాక్టులో ‘బేస్‌కు ఇన్ని నిమిషాల దూరంలో నివసించాలి’ అనే వాక్యం ఉందేమో ఈ రోజే చూడండి. ఉంటే డబ్లిన్ గది చిరునామాతో అది తీరుతుందా అని రాతపూర్వకంగా అడగండి. టైప్ రేటింగ్ బాండ్ ఉంటే, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో, నెలనెలకూ ఎంత తగ్గుతుందో కూడా అదే రోజు చదవండి.

ఇంత చేసినా ఒక రోజు తప్పుతుంది. అప్పుడు క్రూ కంట్రోల్‌కు ఫోన్ చేయాల్సింది రెండో దారి కూడా మూసుకుపోయాక కాదు, మొదటిది మూసుకుపోయిన నిమిషంలో. నాలుగు గంటల ముందు చెబితే వాళ్లు స్టాండ్‌బై మనిషిని సర్దుతారు. నలభై నిమిషాల ముందు చెబితే 180 మంది గేటు దగ్గర ఆగిపోతారు. ఎలాగోలా చేరారు కానీ నిద్ర లేదు అనుకోండి, అప్పుడు ‘ఫిట్‌గా లేను’ అనే చెప్పాలి. ప్రయాణం మీ సొంత నిర్ణయం కాబట్టి కంపెనీ సంజాయిషీ అడగవచ్చు, మాట పడాల్సి రావచ్చు. అయినా చెప్పాలి.

పన్ను, బీమా కాగితాలు. సామాజిక భద్రత విషయంలో యూరప్ నియమం సూటిగా ఉంది: 883/2004 నిబంధనకు 2012లో చేసిన సవరణ ప్రకారం, విమాన సిబ్బంది పని చేసినట్టు పరిగణించేది హోమ్ బేస్ ఉన్న దేశంలో. మీ కంట్రిబ్యూషన్లు ఐర్లండ్‌లోనే. దానికి రుజువుగా ఏ1 సర్టిఫికెట్ తీసుకోండి. నెదర్లాండ్స్‌లో వైద్యం కోసం ఐర్లండ్ నుంచి ఎస్1 ఫారం తీసుకుని అక్కడి సంబంధిత బీమా సంస్థలో నమోదు చేయించుకోండి. లేకపోతే డచ్ ఇన్సూరెన్సు కట్టలేదని మీ ఇంటికి ఉత్తరాలు వస్తాయి. బాబు ఉండేది, మీవారు పనిచేసేది నెదర్లాండ్స్‌లో కాబట్టి పిల్లల భత్యం ముందు ఆ దేశమే ఇస్తుంది. ఐర్లండ్‌లో అది నెలకు 140 యూరోలు; డచ్ మొత్తం అంతకంటే తక్కువైతే తేడా కోసం ఐర్లండ్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. చాలామంది అడగక వదిలేసుకునే డబ్బు ఇది.

ఆదాయపు పన్ను వేరే దారి. ఎయిర్‌లైన్ అసలు నిర్వహణ ఐర్లండ్ నుంచే జరుగుతుంటే, అంతర్జాతీయ విమానాల్లో పనిచేసే సిబ్బంది ఎక్కడ నివసించినా ఆ జీతానికి ఐర్లండ్ పన్ను వేస్తుంది. నివాసం నెదర్లాండ్స్ కాబట్టి అక్కడా మే 1 లోపు రిటర్నులో ఆ జీతం చూపించాలి. రెండుసార్లు పడకుండా రెండు దేశాల ఒప్పందం కింద మినహాయింపు కోరాలి. సలహాదారు దగ్గరికి వెళ్లినప్పుడు ‘ఒప్పందంలో విమాన సిబ్బంది జీతం గురించి ఉన్న క్లాజు ఏది, నా కంపెనీ నిర్వహణ ఏ దేశంలో’ అనే రెండు ప్రశ్నలతో వెళ్లండి. మామూలు ఉద్యోగులకు చెప్పే 183 రోజుల లెక్కతో మొదలుపెట్టేవారైతే ఇంకొకరిని చూసుకోండి. రోజువారీ రోస్టర్లు, బోర్డింగ్ పాసులు ఏ ఏడాదికాఏడాది దాచిపెట్టండి. ఎన్ని రాత్రులు ఎక్కడ ఉన్నారో అడిగితే అవే సాక్ష్యం.

ఇదే ఆలోచనలో ఉన్న భారత పాస్‌పోర్టు పైలట్లకు ఒక మాట. ఒక దేశం ఇచ్చిన నివాస కార్డుతో మరో దేశంలో ఉద్యోగం చేయడానికి ఉండదు. ఆ అనుమతి బేస్ ఉన్న దేశం నుంచే రావాలి. ఎయిర్‌పోర్టు ఐడీ కోసం జరిగే బ్యాక్‌గ్రౌండ్ చెక్ గత అయిదేళ్లలో మీరున్న ప్రతి దేశాన్నీ, ప్రతి ఉద్యోగాన్నీ, మధ్యలో ఖాళీలనూ చూస్తుంది. ఆ అయిదేళ్లలో ఇండియాలో ఉన్నవాళ్లు పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్ ముందే తెప్పించుకోవాలి. చిరునామాలు మారినవాళ్లకు అది అనుకున్నదానికంటే ఆలస్యమవుతుంది.

ఇంటి దగ్గర బాబు సంగతి. మొదటి నాలుగు నెలలు మీవారి ఒక్కరి వల్ల కాదు, ముఖ్యంగా క్రెష్ మూసే వేళకు ఆయనకు మీటింగ్ పడిన రోజుల్లో. అమ్మగారో అత్తయ్యగారో రాగలిగితే షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులు ఉండవచ్చు. ఆ 90 రోజుల్ని ఇప్పుడు సర్దుకోవడానికి కాక, లైన్ ట్రైనింగ్ మొదలైన రోజు నుంచి వాడుకునేలా టికెట్ తీయండి. ఇద్దరూ రాగలిగితే ఒకేసారి వద్దు, ఒకరి తర్వాత ఒకరు. బాబుకు మీ రోస్టర్ గోడ మీద రంగుల్లో వేసి పెట్టండి. అమ్మ వచ్చే రోజు ఏ రంగో మూడేళ్ల పిల్లలకు రెండు వారాల్లో తెలిసిపోతుంది. సీటు దొరకడం మీద ఆధారపడిన రోజున మాత్రం ‘ఇవాళ వస్తున్నా’ అని వాడికి విమానం ఎక్కి కూర్చున్నాకే చెప్పండి.

చివరిగా, బేస్ మార్పు దరఖాస్తు. మీ కంపెనీకి ఇంటికి దగ్గర్లో మరో బేస్ ఉంటే, చేరిన మొదటి వారంలోనే పేరు ఇవ్వండి. చాలాచోట్ల జాబితా సీనియారిటీ మీదో, దరఖాస్తు తేదీ మీదో నడుస్తుంది. ప్రొబేషన్ అయ్యాక అడుగుదాంలే అనుకుంటే మీ వెనక చేరినవాళ్లు ముందుకు వెళ్లిపోతారు. బేస్ మారినప్పుడు కొత్త చోట మొదటి డ్యూటీకి ముందు 72 గంటలు, అందులో మూడు స్థానిక రాత్రులు విశ్రాంతి మీ హక్కు. పాత బేస్ నుంచి కొత్త బేస్‌కు చేసే ఆ ఒక్క ప్రయాణం మాత్రం డ్యూటీ కింద లెక్కకు వస్తుంది.